శుక్రవారం ఫ్రైడ్ రైస్

కువైట్‌లో శుక్రవారం సెలవు. ఫర్వానియా, జిలీబ్, మహబూలా గదుల్లో ఉండే కడప, రాజంపేట వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లలో చాలామందికి పొయ్యి ముందు స్థిమితంగా నిలబడే వీలు ఆ రోజే.

ఫ్రైడ్ రైస్ చేద్దామంటే, చైనా వంటకాల్లో పోసే బియ్యపు సారా ఇక్కడ దొరకదు, మద్యం అమ్మకం నిషేధం. అయినా లోటేమీ లేదు. మన నాలుకకు అలవాటైన చైనీస్ పుట్టిందే మన దేశంలో. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటగాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలో చికెన్ మంచూరియా చేశాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవే. గరం మసాలా మానేసి సోయా సాస్ పోశాడు, అంతే! ఆ సరుకులన్నీ పేటలోని జమియాలోనే (సహకార దుకాణంలోనే) దొరుకుతాయి.

ఇక బాండ్లి. అల్ రాయ్‌లో వారాంతాన సాగే సూక్ అల్ జుమా పాత సామాన్లకు పెట్టింది పేరు. అక్కడ బరువైన ఇనుప బాండ్లి కనిపిస్తే వదలొద్దు. తుప్పు తోమి, తడి ఆర్చి, పల్చగా నూనె రాసి పొగలొచ్చేదాకా కాల్చాలి. మూడు నాలుగుసార్లు అలా కాలిస్తే నల్లగా నిగనిగలాడుతుంది, అన్నం అంటుకోదు. ఖరీదైన నాన్‌స్టిక్ కన్నా ఇదే నయం.

అన్నం మాత్రం ముందురోజుదే మేలు. ఫ్రిజ్‌లో మెతుకు గట్టిపడి, వేయించినప్పుడు పొడిపొడిగా విడుతుంది.

కానీ ఒక్క జాగ్రత్త. బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వేసవిలో ఎండ 50 డిగ్రీలకు చేరే ఊరిది. వండిన అన్నాన్ని గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టండి.