సరిహద్దు లేని వాక్యం: మధ్య ఆఫ్రికా రాజముద్రపై ఒక తాత్త్విక విచారణ

మధ్య ఆఫ్రికా గణతంత్రం 1963లో ఆమోదించిన రాజచిహ్నంలో ఏనుగు తల, ఒక మహావృక్షం, మూడు వజ్రాలు, ఒక చేయి చిత్రించిన డాలు ఉంటుంది. ఆ డాలుకు పైభాగాన ఉన్న పట్టీ మీద సాంగో భాషలో ‘జో క్వే జో’ అని, అంటే ప్రతి మనిషీ మనిషే అని రాసి ఉంటుంది. కింది పట్టీ మీద ఐక్యత, గౌరవం, శ్రమ అనే మూడు మాటల జాతీయ నినాదం ఫ్రెంచిలో కనిపిస్తుంది. నినాదం ఆ దేశ ప్రజలను ఉద్దేశించినదే గాని, పై వాక్యంలో దేశం పేరు లేదు, పౌరుడి ప్రస్తావన లేదు, మతమో తెగో భాషో షరతుగా పెట్టలేదు. హద్దులు గీసుకుని బతికే రాజ్యం హద్దులు లేని వాక్యాన్ని తలమీద పెట్టుకున్నప్పుడు అది దేనికి కట్టుబడినట్లు, ఆ కట్టుబాటుకు ఆధారం దైవమా, ప్రజల సమ్మతా అన్న ప్రశ్న ఇక్కడ విచారణకు వస్తుంది.

ఆ వాక్యాన్ని రాజకీయాల్లోకి తెచ్చిన బార్తెలెమీ బొగాండా (1910–1959) వృత్తిరీత్యా క్యాథలిక్ గురువు. అప్పట్లో ఉబాంగీ-షారీ అనే పేరుతో ఫ్రెంచి భూమధ్యరేఖా ఆఫ్రికా సమాఖ్యలో భాగంగా ఉన్న ఆ ప్రాంతంలో, స్థానికులలో గురుపట్టాభిషేకం పొందిన మొదటి వ్యక్తి ఆయనే. అది 1938లో జరిగింది. ఆయన పుట్టేనాటికి ఆ నేల రాయితీ కంపెనీల ఏలుబడిలో ఉంది. రాయితీ కంపెనీలంటే, 1899 నుంచి ఫ్రెంచి ప్రభుత్వం విశాల భూభాగాలను పంచి ఇవ్వగా, అక్కడ దొరికే రబ్బరు, ఏనుగు దంతాల వంటి సరుకులన్నిటి మీదా గుత్తాధికారం పొందిన వ్యాపార సంస్థలు. కోరినంత రబ్బరు తేలేని ఊళ్లలో ఆడవాళ్లనూ పిల్లలనూ బందీలుగా పట్టుకుపోవడం ఆ ఏలుబడిలో జరుగుతూ వచ్చింది. బొగాండా తల్లి కూడా కంపెనీ కావలివాళ్ల దెబ్బలకే ప్రాణం విడిచిందని ఆయన జీవితకథలు చెబుతాయి. 1925లో ఆ ప్రాంతంలో ప్రయాణించిన ఫ్రెంచి రచయిత ఆంద్రే జీడ్ తన కాంగో యాత్రాగ్రంథంలో నమోదు చేసిన ఒక దృశ్యం ఆ పాలన స్వభావాన్ని దగ్గరగా చూపిస్తుంది: బాంబియో అనే చోట, అంతకు ముందు నెల రబ్బరు తేలేదన్న నేరానికి పదిమందిని మండుటెండలో బరువైన దూలాలు మోయిస్తూ కంపెనీ గిడ్డంగి చుట్టూ రోజంతా తిప్పారు, పడిపోయినవాళ్లను కొరడాలతో లేపారు, వారిలో ఒకడు మళ్లీ లేవలేదు.

ఈ నేపథ్యంలోంచి చూస్తేనే ‘ప్రతి మనిషీ మనిషే’ అన్న వాక్యపు బరువు తెలుస్తుంది. తర్కశాస్త్రం ప్రకారం అది పునరుక్తి, అంటే ఉద్దేశ్యంలో ఉన్న అర్థాన్నే విధేయంలో మళ్లీ చెప్పే వాక్యం. అటువంటి వాక్యం ఎప్పుడూ నిజమే అవుతుంది కనుక అది కొత్తగా ఏమీ చెప్పదని తార్కికులు అంటారు. కాని మనిషిని దూలాలు మోసే పశువుగా, లెక్కలో చూపే రబ్బరు తూకంగా జమకట్టే వ్యవస్థ నడుస్తున్నప్పుడు ఆ పునరుక్తే అభియోగమవుతుంది. ఎవరూ కాదనలేని మాటను కాదన్నట్లుగా బతుకుతున్నది ఎవరో అది వేలెత్తి చూపిస్తుంది. గురువుగా బొగాండా నేర్చుకున్న క్రైస్తవ బోధ దీనికి ఒక పునాది ఇచ్చింది: దేవుడు మనిషిని తన పోలికలో సృజించాడు గనుక మనిషి విలువ రాజు ఇచ్చేది కాదు, రాజు తీసివేయగలిగేదీ కాదు. అయితే ఆయన ఈ విలువను ఆత్మకు మాత్రమే పరిమితం చేయలేదు. 1949లో స్థాపించిన మెసాన్, అంటే నల్ల ఆఫ్రికా సామాజిక వికాస ఉద్యమం, తన కార్యక్రమంగా అయిదు క్రియలను ప్రకటించింది: అన్నం పెట్టడం, బట్ట కట్టడం, వైద్యం చేయడం, చదువు చెప్పడం, ఇల్లు ఇవ్వడం. ఆకలిగొన్నవాడికి అన్నం, బట్ట లేనివాడికి బట్ట, జబ్బుపడినవాడికి పరిచర్య అనే వరుస మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలోని తీర్పు సన్నివేశాన్ని గుర్తుకు తెస్తుంది. అక్కడ మనుషులను విడదీసేది వారి విశ్వాస ప్రకటన కాదు, వారు చేసిన పని. బొగాండా ఆ తీర్పు గీటురాయిని పరలోకం నుంచి ప్రభుత్వ కార్యాలయానికి దించాడని చెప్పడం సమంజసం. గురుత్వం విడిచి 1950లో వివాహం చేసుకున్న తర్వాత కూడా ఆయన ఆలోచనకు ఈ వెన్నెముక మారలేదు.

జాతీయ నినాదంలో గౌరవం అన్న మాట శ్రమ కంటే ముందు ఉండటం ఈ దృష్టితో గమనించదగినది. ఫ్రెంచి వలసల్లో వెట్టిచాకిరీని చట్టప్రకారం రద్దు చేసినది 1946లోనే. ఆ ఏడాదే బొగాండా ఫ్రెంచి జాతీయసభకు ఎన్నికై, బలవంతపు పత్తిసాగుకూ అధికారుల జులుముకూ వ్యతిరేకంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. పని అంటే కొరడా అని మూడు తరాలు ఎరిగిన ప్రజల ముందు శ్రమను జాతీయ విలువగా నిలపాలంటే, ఆ శ్రమ చేసేవాడు ముందు మనిషిగా గుర్తింపు పొంది ఉండాలి. ఆ క్రమం తలకిందులైతే మిగిలేది పాత కంపెనీల నీతే.

1958 డిసెంబరు 1న స్వయంపాలిత గణతంత్రంతో పాటు వెలసిన జాతీయ పతాకాన్ని కూడా బొగాండాయే రూపొందించాడు. నీలం, తెలుపు, ఆకుపచ్చ, పసుపు అడ్డపట్టీలు నాలుగింటినీ నడుమ నిలువుగా ఒక ఎర్రపట్టీ కోస్తుంది. నీలిపట్టీ మీద ఎడమవైపున పసుపు నక్షత్రం ఉంటుంది. ఇందులో ఫ్రాన్సు జెండా రంగులూ ఆఫ్రికా ఐక్యతకు గుర్తుగా వాడే రంగులూ కలిసి ఉన్నాయి, ఎరుపు రెండింటికీ ఉమ్మడి. ఫ్రెంచి కంపెనీల దెబ్బలకు తల్లిని పోగొట్టుకున్న మనిషి ఫ్రెంచివారి రంగులను తన జెండా నుంచి తీసివేయకపోవడాన్ని కొందరు రాజకీయ అవసరంగా చూడవచ్చు, అందులో కొంత నిజమూ ఉంది. అయినా ప్రతి మనిషీ మనిషే అన్నవాడు ఆ లెక్కలోంచి తనను కొట్టినవాడిని మినహాయించలేడు. మినహాయిస్తే వాక్యమే కూలిపోతుంది. దేశానికి పెట్టిన పేరులోనూ ఇదే విస్తృతి కనిపిస్తుంది. బొగాండా ఆ పేరును ఛాద్, గబాన్, కాంగో ప్రాంతాలతో కూడిన సమాఖ్య మొత్తానికి ఉద్దేశించాడు. మిగిలిన మూడూ ఒప్పుకోకపోవడంతో అది ఉబాంగీ-షారీ ఒక్కదానికే మిగిలింది. 1959 మార్చి 29న విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు, 1960 ఆగస్టు 13న వచ్చిన పూర్ణ స్వాతంత్ర్యాన్ని చూడలేదు.

రాజచిహ్నంలోని చేయి ఇక్కడ ఒక చిక్కును ముందుకు తెస్తుంది. అది మెసాన్ పార్టీ గుర్తు. బొగాండా వారసుడు డేవిడ్ డాకో 1962లో మెసాన్‌ను ఏకైక పార్టీగా చేశాడు, మరుసటి ఏడాది వచ్చిన రాజచిహ్నంలో ఆ పార్టీ గుర్తు జాతి గుర్తుగా చేరింది. మనుషులందరి గురించి చెప్పే వాక్యం కిందనే ఒక పక్షపు చేయి ఉండటం చిన్న విషయం కాదు: ప్రతి మనిషీ మనిషే గాని, మాట్లాడే హక్కు ఉన్నది మాత్రం ఒక్క పార్టీకే అన్న భావానికి అది దారి తీసింది. ఆ పార్టీ పోయింది గాని గుర్తు ఇప్పటికీ డాలుమీద ఉంది.

1965 చివరి రాత్రి తిరుగుబాటుతో డాకోను తొలగించిన జాన్ బెడెల్ బొకాస్సా 1976లో దేశాన్ని సామ్రాజ్యంగా ప్రకటించి, 1977 డిసెంబరు 4న నెపోలియన్ ఫక్కీలో తన కిరీటాన్ని తానే ధరించాడు. ఆ వేడుకకు సుమారు రెండు కోట్ల డాలర్లు ఖర్చయిందని అంచనా. గణతంత్రం సామ్రాజ్యమైనా జాతీయ పతాకం మారలేదు, నినాదమూ మారలేదు. గౌరవం అన్న మాట చక్రవర్తి పాలనలోనూ యథాతథంగా నిలిచింది. 1979లో, కొని తీరాలని ఆజ్ఞాపించిన బడి దుస్తుల విషయంలో నిరసన తెలిపిన విద్యార్థులను అరెస్టు చేసి రాజధాని బాంగీలోని న్‌గరాగ్బా కారాగారంలో కుక్కగా, దాదాపు వందమంది పిల్లలు చనిపోయారు. ఆఫ్రికా దేశాల న్యాయవేత్తల సంఘం విచారణ జరిపి ఆ హత్యాకాండ నిజమేనని తేల్చింది. ఆ సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యం బొకాస్సాను గద్దె దించింది. చిహ్నాలు మనుషులను కాపాడవు. అలాగని చిహ్నం వట్టిదనడం కూడా తొందరపాటే, ఎందుకంటే పాలకుడు తన తప్పును కప్పుకోవడానికి వాడిన మాటతోనే బాధితుడు అతన్ని నిలదీయగలుగుతాడు.

వాక్యానికి అన్నిటికంటే కఠినమైన పరీక్ష 2013లో వచ్చింది. ఎక్కువగా ఈశాన్య ప్రాంతపు ముస్లింలతో ఏర్పడిన సెలెకా సాయుధ కూటమి మార్చిలో రాజధాని బాంగీని ఆక్రమించి ఊళ్లను దోచింది. దానికి ప్రతిగా పుట్టిన యాంటీ-బలాకా దళాలు ముస్లిం పౌరుల మీద పడ్డాయి. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారిని విదేశీయులని, ఛాద్ వాళ్లని ముద్రవేసి తరిమారు. మసీదులు కూలాయి, వేలకు వేల కుటుంబాలు ఛాద్‌కూ కామెరూన్‌కూ పారిపోయాయి. దక్షిణాఫ్రికాలో ప్రసిద్ధమైన ఉబుంటు భావనతో పోల్చినప్పుడు ఇక్కడి విషయం స్పష్టపడుతుంది. తోటి మనుషుల వల్లనే మనిషి మనిషి అవుతాడని ఉబుంటు చెబుతుంది. అది గొప్ప ఆలోచనే అయినా, బంధం తెంచుకున్న సమాజం ఎదుటివాడిని మనిషిగా గుర్తించకపోతే అతని గతి ఏమిటన్న సందేహం మిగులుతుంది. జో క్వే జో ఆ గుర్తింపును షరతుగా పెట్టదు. పక్కింటివాడు విదేశీయుడే అనుకున్నా సరే, అతను మనిషి కాకుండా పోడు. కాబట్టి అతని జాతీయత గురించిన వాదం అతని ప్రాణం విషయంలో అప్రస్తుతమవుతుంది.

ఈ తర్కాన్ని ఆచరణలో పెట్టినవారు ముగ్గురు మతాచార్యులు. బాంగీ ఆర్చిబిషప్ డియుడొనె న్‌జపలైంగా, ఇమాం ఒమర్ కొబైన్ లయామా, పాస్టర్ నికొలా గెరెకొయామె-గ్బాంగూ కలిసి మతాల ఉమ్మడి వేదికను నడిపారు. 2013 డిసెంబరులో ప్రాణాపాయం వచ్చినప్పుడు ఆర్చిబిషప్ ఆ ఇమామును కుటుంబంతో సహా తన నివాసంలోనే ఉంచుకున్నాడు. 2015 నవంబరు 29న పోప్ ఫ్రాన్సిస్ కరుణ సంవత్సరపు పవిత్ర ద్వారాన్ని రోము కంటే ముందుగా బాంగీ ప్రధాన దేవాలయంలో తెరిచి, మర్నాడు ముస్లింలు చిక్కుబడి ఉన్న పీకే-5 పేటలోని కుడుకు మసీదుకు వెళ్లాడు. మతం పేరుతో చంపుకున్న చోట మతమే మధ్యవర్తి కావడం ఆ దేశపు రాజ్యాంగ స్వభావానికి కూడా సరిపోతుంది. ఆ రాజ్యాంగం దేశాన్ని లౌకిక రాజ్యంగా ప్రకటిస్తూనే అధ్యక్షుడి చేత దేవుడి ఎదుటా జాతి ఎదుటా ప్రమాణం చేయిస్తుంది. 2016 నాటి పీఠిక జో క్వే జో సూత్రాన్ని బొగాండా పేరుతో సహా స్మరించింది. లౌకిక భారతదేశపు రాజముద్ర మీద ముండకోపనిషత్తు వాక్యం ఉన్నట్లే, ఇక్కడా మతగర్భంలో పుట్టిన మాట రాజ్యానికి ప్రమాణమైంది. దైవాన్ని నమ్మేవారికి దాని మూలం సృష్టికర్తలో ఉంది, నమ్మనివారికి బాంబియో ఎండలో ఉంది. రెండు దారులూ ఒకే బాధ్యత దగ్గరకు చేరుతున్నప్పుడు మూలాన్ని గురించి ఏకాభిప్రాయం కుదిరేదాకా ఆగవలసిన పని రాజ్యానికి లేదు.

ఆ బాధ్యత తీర్చడానికి న్యాయస్థానం కావాలి. 2015 నాటి చట్టంతో, స్వదేశీ విదేశీ న్యాయమూర్తులు కలిసి కూర్చునేలా బాంగీలో ప్రత్యేక నేర న్యాయస్థానాన్ని ఏర్పాటు చేశారు. 2019 మే నెలలో వాయవ్య ప్రాంతపు కూంజీలీ, లెమూనా గ్రామాలలో కనీసం 46 మంది పౌరులను చంపిన దాడికి సంబంధించి, ఆ న్యాయస్థానం తన తొలి తీర్పును 2022 అక్టోబరు 31న వెలువరించి, ఒక సాయుధ ముఠాకు చెందిన ముగ్గురిని యుద్ధనేరాలకూ మానవాళిపై నేరాలకూ దోషులుగా నిర్ధారించింది. ఒకరికి యావజ్జీవం, ఇద్దరికి ఇరవయ్యేసి ఏళ్ల జైలుశిక్ష విధించింది.