పేరు లేని సమాధులు

మనం మట్టిచ్చిన మనిషిని తలుచుకోవద్దని ఎవరంటారు? ఏ మతం వాళ్లమైనా, ఏ మతమూ లేనివాళ్లమైనా సమాధి ముందు గొంతు తగ్గిస్తాం. ఆ మనిషి ఒక అన్యాయపు యుద్ధంలో పోయినప్పుడే పేచీ వస్తుంది. అతన్ని గౌరవిస్తే, అతన్ని చావుకు పంపినవాణ్ణీ గౌరవించినట్టేనా?

దక్షిణ అట్లాంటిక్‌లో కొన్ని దీవులున్నాయి. బ్రిటన్ వాటిని ఫాక్‌లాండ్స్ అంటుంది, అర్జెంటీనా మాల్వినాస్ అంటుంది. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం అక్కడ దిగింది, జూన్ 14న లొంగిపోయింది. ఆ 74 రోజుల్లో అర్జెంటీనా వాళ్లు 649 మంది, బ్రిటన్ తరఫున 255 మంది చనిపోయారు. దీవుల్లోని ముగ్గురు ఆడవాళ్లు కూడా పోయారు, అదీ తమను విడిపించడానికి వచ్చిన బ్రిటిష్ ఫిరంగి గుండ్లకే. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 2 అర్జెంటీనాలో సంస్మరణ దినం. జూన్ 14 ఆ దీవుల్లో విమోచన దినం.

దీవుల తగాదా 1833 నాటిది. తుపాకీ మాత్రం 1982లోనే ఎందుకు లేచింది? 1976 నుంచి అర్జెంటీనాను ఏలుతున్న సైనిక నియంతలు వేలమందిని ఎత్తుకుపోయి మాయం చేశారు. బ్యూనస్ ఐరిస్‌లోని ప్లాజా ద మాయో మైదానంలో ఆ బిడ్డల తల్లులు 1977 నుంచి తిరుగుతూనే ఉన్నారు. 1982 మార్చి 30న కార్మికులు రోడ్డెక్కితే వాళ్లనూ చావబాదారు. మూడు రోజులు గడిచాయో లేదో, అదే మైదానంలో జనం జెండాలూపి ఆ నియంతలకే జేజేలు కొట్టారు. ఒక్క జెండా ఎన్ని నేరాలను కప్పగలదో అక్కడ తేలింది.

ఆ జెండా కోసం పోయిందెవరు? నిర్బంధంగా సైన్యంలో చేర్చిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు చాలామంది. ఆకలికి ఓర్వలేక తిండి దొంగిలించినవాళ్లను సొంత అధికారులే నేల మీద పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ గుంజలకు కట్టి చలిలో వదిలేశారు. యూదు కుర్రాళ్లలో కొందరు మతం పేరు పెట్టి తిట్లు కూడా తిన్నారు. శత్రువు తూటా మతం అడగదు, సొంత అధికారి అడిగాడు. మైనారిటీవాడు ప్రాణమివ్వడానికి వచ్చి నిలబడినా వాడి మీద అనుమానం పోదు. ఈ సంగతి మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే, అన్యాయపు యుద్ధం కదా అని ఈ పిల్లల పేర్లెత్తకుండా ఊరుకోలేం. మనం ఊరుకుంటే వాళ్ల పేర్లు జనరళ్ల చేతిలోనే ఉండిపోతాయి. ప్లాజా ద మాయో తల్లులకు ఇది తెలుసు. మాల్వినాస్ అర్జెంటీనావే, మాయమైనవాళ్లూ అర్జెంటీనావాళ్లే అన్నారు. దేశాన్ని కాదనలేదు. తమ బిడ్డల్ని అందులో లెక్కపెట్టమన్నారు.

దీవుల్లో డార్విన్ దగ్గర అర్జెంటీనా సైనికుల శ్మశానం ఉంది. అక్కడి 237 సమాధుల్లో సగానికి పైగా రాళ్ల మీద, దేవుడికి మాత్రమే తెలిసిన సైనికుడని రాసి ఉండేది. యుద్ధం ముగిశాక ఆ శవాలను సేకరించి, దొరికిన ప్రతి ఆనవాలూ రాసిపెట్టి ఖననం చేయించింది బ్రిటిష్ అధికారి జెఫ్రీ కార్డోజో. 2017లో రెడ్‌క్రాస్ ఆ శవాలను తవ్వి తీసి, కుటుంబాల డీఎన్‌ఏతో పోల్చింది. వందమందికి పైగా పేర్లు తిరిగొచ్చాయి. ఎవరి బిడ్డ ఎక్కడున్నాడో ఆ ఇళ్లకు తెలియడానికి ముప్ఫై అయిదేళ్లు పట్టింది.

1982 జులైలో లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో సంస్మరణ జరిగినప్పుడు ఆర్చ్‌బిషప్ రాబర్ట్ రన్సీ రెండు దేశాల దుఃఖితుల కోసమూ ప్రార్థించాడు. పాలకపక్షంలో కొందరికి అది మింగుడుపడలేదు. విజయోత్సవం జరపాల్సిన చోట ఏడుపు వినిపించిందని వాళ్ల బాధ.

సంస్మరణ సభకు పిలిస్తే మేం వెళ్తాం. కాకపోతే శత్రుదేశపు తల్లికి అక్కడ చోటుందా, సొంత ప్రభుత్వం మాయం చేసిన బిడ్డ తల్లికి చోటుందా అని అడుగుతాం. అడిగినందుకు మా దేశభక్తికి రుజువులు చూపమంటే, ఆ సభ చనిపోయినవాళ్ల కోసం పెట్టింది కాదని అర్థమవుతుంది.