కనీస వేతనం: లోటును భరించేదెవరు?

1877 తొలి మాసాల్లో, మద్రాసు ప్రెసిడెన్సీని మహాక్షామం పీడిస్తున్న వేళ, వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల కూలిని తగ్గించాడు. రోజంతా పనిచేసిన పురుషుడికి ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి చిల్లర అని నిర్ణయమయింది. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఆ క్షామంలో తీవ్రంగా దెబ్బతిన్నవే. ఖజానాకు పొదుపు కావాలనీ, కూలి ఎక్కువైతే అవసరం లేనివారు సైతం పనులకు ఎగబడతారనీ ప్రభుత్వ వాదన. రాళ్ళు కొట్టి, మట్టి మోసే దేహం ఆ తిండితో నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. కొద్ది నెలలకే మద్రాసు ప్రభుత్వం కూలిని తిరిగి పెంచక తప్పలేదు. ఈలోగా జరిగిన పొదుపు మూల్యాన్ని కూలీలు తమ ఒంటితో చెల్లించారు.

కూలిని మనిషి అవసరాన్ని బట్టి కొలవాలా, చెల్లించేవాడి శక్తిని బట్టి కొలవాలా అన్నదే నాటి వివాదం. స్వతంత్ర భారతదేశం 1948లో కనీస వేతనాల చట్టం చేసి అవసరం పక్షాన నిలిచింది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఆ అవసరానికి లెక్క కూడా కట్టింది. సంపాదించే ఒక్కరిపై కుటుంబమంతా కలిపి మూడు వినియోగ ప్రమాణాలు, ఒక్కొక్క ప్రమాణానికి 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె విడిగా, ఇంధనం, దీపం వంటి వాటికి మొత్తం వేతనంలో 20 శాతం. స్త్రీల సంపాదననూ, పిల్లల సంపాదననూ ఈ లెక్కలో కలపరాదని కూడా ఆ సభ చెప్పింది. చదువు, వైద్యం మాత్రం విడి పద్దుగా లేవు. వాటి కోసం మరో 25 శాతం చేర్చాలని సుప్రీంకోర్టు అనడానికి 1991 దాకా పట్టింది. కనిష్ఠ వేతనం సైతం ఇవ్వలేని పరిశ్రమకు మనుగడ సాగించే హక్కు లేదన్న మాట అంతకుముందే, 1950లలోనే, ఆ న్యాయస్థానం అనేసింది.

ఆ మాట వినసొంపుగానే ఉంటుంది. పరిశ్రమ మూతపడితే అందులోని కూలి ఏమవుతాడని అర్థశాస్త్రజ్ఞులు అడుగుతారు. ఆ ప్రశ్నను కఠిన హృదయుల మాటగా తోసిపుచ్చడం తగదు. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది, శ్రమ కూడా సరకే కనుక కూలి పెంచితే కొందరి పని పోతుందన్నది వారి సూత్రం. దీనికి సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతులు 1897లోనే ఒక సమాధానం ఇచ్చారు. బ్రతకడానికి చాలని కూలి ఇచ్చే వ్యాపారం తన ఖర్చును తాను భరించడం లేదు. పనివారి కుటుంబాలపైనా, సమాజంపైనా పడి బ్రతుకుతున్నది. ఇది పరాన్నజీవనమని వారి అభియోగం. కూలి పెంచకపోతే లోటు లేనట్టు కాదు, అది కుటుంబంలో కనబడకుండా సర్దుకుంటుందని దీని భావం. తల్లి ఒక పూట తినదు, బిడ్డ బడి మానుతుంది.

ఇక సూత్రం కూడా అన్నిచోట్లా ఒకే తీరున పనిచేయదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1992 ఏప్రిల్‌లో గంటకు 4.25 డాలర్ల కనీస వేతనం 5.05 డాలర్లకు పెరిగింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అక్కడి ఆహారశాలలనూ, వేతనం పెరగని పొరుగు పెన్సిల్వేనియాలోని ఆహారశాలలనూ పోల్చి చూశారు. ఉద్యోగాలు తగ్గిన దాఖలా వారికి కనబడలేదు. 1994లో వెలువడిన ఆ పరిశీలనపై వాదోపవాదాలు చాలాకాలం నడిచాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పనిచ్చేవారు కొద్దిమందే అయి, పనివాడికి మరో చోటికి పోయే వీలు లేనప్పుడు కూలి తన న్యాయమైన వెల కన్నా కిందనే నిలిచిపోతుంది. అక్కడ కొంత మేరకు పెంచితే యజమాని లాభం తగ్గవచ్చు గాని పని పోనక్కరలేదు. ఇద్దరు ముగ్గురు ఆసాములే ఉన్న ఊరిని ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

అయితే పని నిజంగా పోయిన సందర్భాలూ లేకపోలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టాన్ని కేరళ 1968లో అమలుకు తెచ్చినప్పుడు, ఆ ఖర్చు భరించలేమంటూ మంగళూరు బీడీ వ్యాపారులు కన్ననూరు ప్రాంతంలో పని నిలిపివేశారు. దాదాపు 12,000 మంది వీధిన పడ్డారు. చట్టం మంచిదే, దాని మంచితనం ఆ నెలలో ఎవరి పొయ్యినీ వెలిగించలేదు. మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వ అండతో కార్మికులే దినేశ్ బీడీ సహకార సంఘాన్ని స్థాపించుకున్నారు. ఒక దశలో అది 40,000 మందికి పైగా పని కల్పించి, తర్వాతి దశాబ్దాలలో బీడీ వాడకం తగ్గడంతో కుంచించుకుపోయింది. కూలిని పెంచమని ఆదేశించే ప్రభుత్వం, ఆ ఆదేశం వల్ల పని పోగొట్టుకునేవాడి బాధ్యతను కూడా తలకెత్తుకోవాలని కన్ననూరు ఉదంతం తెలుపుతుంది. అది లేని పెంపు ఒక కూలి కడుపు కొట్టి మరొక కూలికి పెట్టడమే అవుతుంది.

ఆదేశించే ప్రభుత్వమే యజమాని అయినచోట పరీక్ష మరింత కఠినం. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ పనుల వ్యాజ్యంలో, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కూలి ఇష్టపడే ఒప్పుకున్నాడన్న వాదం నిలవలేదు. పేదరికం, ఆకలి కూడా నిర్బంధమేనన్నది జస్టిస్ భగవతి తర్కం. మరుసటి ఏడాది రాజస్థాన్ కరవు పనులకూ అదే వర్తించింది. సహాయంగా ఇస్తున్న పనికి పూర్తి కూలి అక్కరలేదన్న ఆ ప్రభుత్వ వాదన టెంపుల్ మాటకు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. అయినా 2009 జనవరిలో గ్రామీణ ఉపాధి హామీ కూలిని కేంద్రం కనీస వేతనాల చట్టంతో నిమిత్తం లేకుండా విడిగా ప్రకటించింది. ఖజానాకు హద్దులున్న మాట నిజం. అదే మాట చిన్న రైతు చెప్పినా, చిన్న వ్యాపారి చెప్పినా చట్టం వినదు.

1948 చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. దేశంలో ఎక్కడా అంతకు తగ్గరాని అట్టడుగు వేతనాన్ని కేంద్రం నిర్ణయించాలంటుంది ఆ కోడ్. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఇళ్ళలో బీడీలు చుట్టే స్త్రీలకు మాత్రం కూలి రోజు లెక్కన రాదు, వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. వెయ్యికి రేటు పెరిగినప్పుడు, తూకం వేసి ఇచ్చే తునికాకు తగ్గితే, తక్కువపడిన ఆకును ఆమె సొంత డబ్బుతో కొనుక్కోవాలి. బాగాలేవని పక్కన పెట్టిన బీడీలకు కూలి ముట్టదు. రిజిస్టరులో రేటు సరిగానే ఉంటుంది. ఆకు తూకం అందులో ఉండదు.