వెనుదిరగడము పిరికితనమా?

శిఖరము చేరాలని తెల్లవారుజామున బయలుదేరిన మనిషి, దారిలోని సరస్సు దగ్గరే ఆగి తిరిగి వస్తే అతడిని ఏమనాలి? పిరికివాడనాలా, వివేకి అనాలా?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములో మౌంట్ వాషింగ్టన్ అనే పర్వతమున్నది. ఎత్తు 1,917 మీటర్లు. మన ఊటీ దగ్గరి దొడ్డబెట్ట కన్నా తక్కువే. శిఖరానికి సుమారు రెండున్నర కిలోమీటర్ల నడక దూరములో 'మేఘాల సరస్సులు' అని పిలువబడే చిన్న సరస్సులున్నాయి. మే నెలాఖరున లోయలో చెట్లు చిగురించినా, పైన నీడపట్టున మంచు మిగిలే ఉంటుంది. వాతావరణము గంటల్లో మారిపోతుంది. 1934 ఏప్రిల్ 12న ఆ శిఖరముపై గంటకు 372 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినట్లు నమోదైనది.

1900 జూన్ 30న విలియం కర్టిస్, ఆలన్ ఆర్మ్స్‌బీ అనే ఇద్దరు ఆ శిఖరముపై జరుగనున్న పర్వతారోహకుల సమావేశానికి కాలినడకన వెళ్తూ మంచు తుఫానులో చిక్కుకున్నారు. కర్టిస్ సరస్సుల సమీపాన, ఆర్మ్స్‌బీ శిఖరానికి కొద్ది దూరములో ప్రాణాలు విడిచారు. కర్టిస్ పేరుపొందిన క్రీడాకారుడు. అంటే దేహబలము ఒక్కటే చాలదన్నమాట.

'పరుగెత్తి పాలు త్రాగే కన్నా నిలబడి నీళ్ళు త్రాగడము మేలు' అని మన పెద్దలంటారు. మంచి మాటే. కాని సోమరితనము కూడా ఈ సామెత చాటున దాగుకోగలదు. ప్రతి సరస్సు దగ్గరా ఆగేవాడు ఏ కార్యమూ సాధించలేడు. ధైర్యము అనేది పిరికితనానికీ దుస్సాహసానికీ నడుమ ఉంటుందని అరిస్టాటిల్ బోధించాడు. ఆ నడిమి స్థానము అందరికీ ఒకచోటే ఉండదు. బలము, సమయము, వాతావరణము, తోడున్నవారు - వీటన్నిటినీ చూచి దానిని గుర్తించేదే వివేకము.

ఇద్దరు ఒకే సరస్సు దగ్గర వెనుదిరిగారనుకుందాము. ఒకడు కాళ్ళు నొప్పులని తిరిగాడు. మరొకడు తోటివాడు చలికి వణుకుతున్నాడని తిరిగాడు. పని ఒక్కటే, విలువ ఒక్కటి కాదు. ముందుకు వేసే అడుగు సంగతి కూడా అంతే. ఆర్మ్స్‌బీ సహాయము కొరకే ముందుకు సాగాడని పలువురు భావించారు. అదే నిజమైతే ఆ అడుగులను పేరు కోసము ఎక్కేవాని అడుగులతో పోల్చగలమా?

'నా ప్రాణము, నా ఇష్టము' అనే మాట కొండ మీద నిలువదు. మనము తప్పిపోతే వెదకడానికి వచ్చేవారు కూడా అదే గాలిలోనే నడవాలి. వారి ప్రాణాలను పణముగా పెట్టే హక్కు మనకెవరిచ్చారు?

శిఖరము మంచిదే. కాని అది రేపు కూడా అక్కడే ఉంటుంది. తోటి మనిషి ఉండకపోవచ్చు. కనుక పిల్లలను 'గెలిచి రా' అని పంపే మనము, 'అవసరమైతే గెలవకుండానైనా తిరిగి రా' అని కూడా చెప్పి పంపుదాము.