తండ్రి యను పేరు

పరమేశ్వరుని తండ్రీ యని పిలుచుట క్రైస్తవులకు నిత్యకృత్యము. నిత్యకృత్యమైన దానిని గూర్చి యెవరును ఆలోచింపరు. మేమును చాలకాలము ఆలోచింపలేదు. కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి పోవు బాటలో, లింగంపేట దాటిన పిదప, ఒక పల్లెలో జరిగిన చిన్న ప్రార్థనకూటమునకు పోయి యుండనిచో ఇప్పటికిని ఆలోచింపక యుందుమేమో. అచ్చట పదియేండ్ల బాలు డొకడు అందఱితో గూడ ప్రభువు నేర్పిన ప్రార్థనను చెప్పుచు, మొదటి సంబోధన వచ్చినపుడు మాత్రము నోరు మూసికొనెను. తక్కినదంతయు స్పష్టముగా చెప్పెను. కూటము ముగిసిన వెనుక కారణము తెలిసినది. వాని తండ్రి ప్రతిరాత్రియు త్రాగివచ్చి తల్లిని, పిల్లలను కొట్టువాడు. ఆ పిల్లవాడెఱిగిన తండ్రి ఆ యొక్కడే. ఆ పేరు పెట్టి దేవుని పిలుచుటకు వానికి మనసొప్పలేదు.

పండితులు దీనికి సులభముగా సమాధానము చెప్పుదురు. దైవపితృత్వము మూలము, మానవపితృత్వము ప్రతిబింబము. అద్దము మలినమైనంత మాత్రమున సూర్యునకు లోపము లేదు. లోకమందలి పితృత్వమంతయు ఆ పరమపితనుండియే పేరు పొందినదను భావము ఎఫెసీయులకు వ్రాయబడిన పత్రికలోను ఉన్నది. తర్కమున కిది చాలును. బాలునకు చాలదు. బాలుడు మూలమునుండి ప్రతిబింబమునకు రాడు, ప్రతిబింబమునుండియే మూలమునకు పోవును. వాని మొదటి వేదాంతపాఠము గుడిలో జరుగదు. సాయంకాలమున తండ్రి చెప్పులు విడుచు చప్పుడు వినినపుడు తన గుండె యెట్లు కొట్టుకొనునో, అదియే ఆ పాఠము.

పితృశబ్దమునకు రక్షించువాడు, పాలించువాడు అని యాస్కుడు అర్థము చెప్పెను. కాళిదాసు రఘువంశమున దిలీపుని వర్ణించుచు, ప్రజలను తీర్చిదిద్ది, రక్షించి, భరించుటచే ఆ రాజే వారికి తండ్రి యనియు, కన్నవారు జన్మకారణములు మాత్రమే యనియు పలికెను. కనుట వేఱు, తండ్రి యగుట వేఱు అను వివేకము మన దేశమునకు క్రొత్తది కాదు. మఱి క్రైస్తవమతము దీనికి కూర్చిన దేమి? లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని కథను చూడుడు. తండ్రి బ్రదికియుండగనే భాగమడిగి కొనిపోయి పాడుచేసికొన్న కొడుకు తిరిగివచ్చుచుండగా, ఆ వృద్ధుడు దూరమునుండియే చూచి పరుగెత్తును. పరుగెత్తుట పెద్దఱికమునకు తగునా? మన పాత యుమ్మడి కుటుంబములలో పెద్దల యెదుట తన బిడ్డను తానెత్తికొనుటకే సిగ్గుపడు తండ్రులుండిరి. మా తండ్రిగారు అట్టివారే. మేము నిద్రపోయిన పిదప వచ్చి తల నిమిరెడివారని మా యమ్మ చెప్పగా వింటిమి. మెలకువలో మేమెన్నడును ఆ చేతి నెఱుగము. రక్షించుటకు, భరించుటకు ఆ కథ మూడవ దొకటి చేర్చినది: దగ్గఱకు వచ్చుట.

ఈ మూడవదియే మా ప్రాంతమునకు కష్టమైనది. 2016వ సంవత్సరమున కామారెడ్డి ప్రత్యేక జిల్లా కాకముందునుండియు, నిజామాబాదు జిల్లాలో భాగముగా ఉన్న దినములనుండియు, ఇచ్చటి పురుషులు దుబాయి, మస్కట్టు మొదలగు గల్ఫు పట్టణములకు కూలికి పోవుచున్నారు. బోరుబావులు ఎండి, అప్పులు పెరిగి, మఱియొక దారి లేక పోవువారే పెక్కండ్రు. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. ఎండలో ఇనుము మోసి నెలనెలకు సొమ్ము పంపువాడు రక్షకుడు కాడా, పోషకుడు కాడా? మా తరగతిలో పుస్తకములు, జోడు, సంచి అన్నియు క్రొత్తవి గల పిల్లలు పెక్కుమంది అట్టివారి సంతతియే. కాని తండ్రి యనగా వారికి ఫోనులో ఒక గొంతు, తెరపై ఒక ముఖము. రెండేండ్లకో మూడేండ్లకో అతడు వచ్చినపుడు చిన్నబిడ్డ తల్లి చాటున దాగుకొనును.

ఒక్కొక్కప్పుడు మాకొక తలంపు కలుగును. కంటికి కనబడక, దూరమున నుండి, అడిగినవన్నియు పంపుచుండు తండ్రి యనగా చాలమంది భక్తులు తలంచు దేవుడు అచ్చముగా ఇతడే కదా! పంపుటతో తృప్తిపడిన దేవుడైనచో క్రిస్మసు పండుగ యేల? క్రైస్తవుల విశ్వాసమంతయు, ఆయన పంపుటతో ఆగక తానే వచ్చెననుటలో నున్నది. అట్లైన యెడల, తండ్రులు ఇల్లు విడువకయే బ్రదుకగల దేశమును కోరుటయు ప్రార్థనలో భాగమే కావలెను. సంఘపెద్దలు నీటిపారుదలను గూర్చియు, పనిపాటలను గూర్చియు గుడిలో మాటలాడుట అనుచిత మనువారితో మాకు పొత్తు కుదరదు.

దగ్గఱకు వచ్చుట యన నేమో డిచ్‌పల్లి చూపినది. మెథడిస్టు మిషనువారు ఆ యూర కుష్ఠరోగులకు ఆసుపత్రి పెట్టినది 1915వ సంవత్సరమున. ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు అందుకు కారకురాలు. రాజా నర్సాగౌడు అను హిందూ దాత విరాళ మిచ్చెను. ఆ కాలమున ఆ రోగము సోకిన తండ్రి తన బిడ్డను ముట్టుకొనుటకు వీలులేనివాడు. అట్టివానిని తాము ముట్టుకొనినవారు ఇరువురును అతనికి బంధువులు కారు. తండ్రితనమునకు రక్తముగాని మతముగాని హద్దు కాదని చెప్పుటకు వేఱు దృష్టాంత మక్కఱలేదు.

ఇంతవఱకు ఇతరులను గూర్చి వ్రాసితిమి. ఇక మా సంగతి. బడిలో పిల్లలను కొట్టుట 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము నిషేధించినది; మేము బెత్తమును పాఠశాలలో విడిచితిమి. ఇంటిలో విడువలేదు. మా పెద్దకుమారుడు లెక్కలలో వచ్చిన మార్కులను దాచి అబద్ధమాడగా, అబద్ధమునకే కాని మార్కులకు కాదని చెప్పుచు కొట్టితిమి. వాడు ఏడ్వలేదు. మఱునాడు వాని తల్లి యడిగినది: "వాడు అబద్ధమాడినది ఎందుకో అడిగినారా? మీరు కొట్టుదురని." అనగా మేము దండించిన తప్పును పుట్టించినది మేమే. మూడు దినములు ఆ మాట నమలితిమి. నాలుగవనాడు వానిని పిలిచి, తప్పు మాది యని చెప్పితిమి. ఆ వాక్యము మా నోట వచ్చుటకు ఎంతసేపు పట్టినదో చెప్పిన చదువరులు నవ్వుదురు.

ఇచ్చట ప్రతిబింబవాదమునకు ఒక చిక్కు వచ్చును. దేవుడు ఎవరికిని క్షమాపణ చెప్పనక్కఱలేదు. క్షమాపణ చెప్పు తండ్రి యెవరిని ప్రతిబింబించుచున్నాడు? చాలదినములు తోచలేదు. ఇప్పుడు తోచుచున్న దేమనగా, బిడ్డ యెదుట తాను దేవుడు కానని యొప్పుకొన్న తండ్రియే దేవునికి చోటిచ్చును. తాను తప్పెఱుగని వానివలె మెలగువాడు అద్దము కాడు, అడ్డుగోడ.

ఆ పల్లెకు మఱల ఏడాదికి పోయితిమి. బాలుడు అక్కడనే యుండెను, ఇప్పుడు ప్రార్థన మొదటినుండియే చెప్పుచుండెను. సంబోధన వచ్చినపుడు చెవియొగ్గి వింటిమి. వాడు "పరలోకమందున్న మా తాతా" యని యనెను. వానిని, వాని తల్లిని తన యింటికి తెచ్చుకొని సాకుచున్నవాడు ఆమె తండ్రి యట. ప్రతిసాయంకాలమును బస్సు వచ్చువేళకు బాట ప్రక్క వేపచెట్టు క్రింద నిలిచి యుండునట. కూటములో ఒకరిద్దఱు నవ్విరి. ఉపదేశి నవ్వలేదు, దిద్దలేదు. కన్నులు మూసికొని తరువాతి మాటను అందుకొనెను.