మంచి కాలి మీది బరువు

2006లో అమెరికాలో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో యను గుఱ్ఱమునకు, రెండు వారములకే మఱియొక పందెమున, కుడి వెనుకకాలు విఱిగెను. వైద్యులు లోహపు పలకతో, మరలతో ఎముకను కూర్చి, మత్తు వీడునపుడు బెదరి కాళ్లు కొట్టుకొనకుండ, దానిని కొలనిలో తెప్పపై తేల్చి మేలుకొల్పిరి. ఎంతటి ముందుచూపు!

విఱిగిన కాలు అతుకుకొనసాగెను. కాని గుఱ్ఱము మనవలె మంచము పట్టి యుండజాలదు గదా; నిలిచియే కోలుకొనవలెను. బరువంతయు మంచి కాలిపై పడెను. ఆ మంచి కాలి డెక్క లోలోపల వాచి చెడెను.

అందుచే గుఱ్ఱముల నెఱిగినవాడు కట్టు కట్టిన కాలితోపాటు మంచి కాలి డెక్కనుగూడ నిత్యము అరచేతితో తడిమి, వేడెక్కెనేమో యని చూచును.

కాలు విఱిగిన ఎనిమిది నెలల పిమ్మట, ముందుకాళ్లకును ఆ డెక్క వ్యాధియే సోకగా, బార్బరోకు వైద్యులే శాశ్వతనిద్ర ప్రసాదించిరి.