మరల ప్రేమించుట మరచుటయా?

1953లో వచ్చిన దేవదాసు చిత్రమును మీలో అనేకులు చూచియుందురు. పార్వతి పరుని యిల్లాలైన పిమ్మట దేవదాసు త్రాగుడు పాలై, తుదకు ఆమె వాకిటనే ప్రాణము విడిచెను. 1964 నాటి మూగమనసులులో విధవరాలైన రాధయు, పడవవాడైన గోపియు లోకనిందకు గురియై గోదావరి పాలగుదురు. మరుజన్మములో దంపతులై గతమును జ్ఞాపకము చేసికొందురు. చూచువారు కన్నీరు విడుతురు. అది తప్పు కాదు. అయితే విరిగిన మనసునకు మరణమో మరుజన్మమో తప్ప వేరు దారి లేదా?

1939లోనే వై. వి. రావు తీసిన మళ్ళీ పెళ్ళి వేరు జవాబు చెప్పెను. వితంతువునకు ఈ జీవితములోనే రెండవ వివాహము తగునని అది చూపెను.

మన కనకమామిడివంటి పల్లెలలో భర్త పోయిన చిన్నది మరల పెండ్లియాడిన, "అప్పుడే మరచెనా?" అందురు. భార్య పోయిన మగవానిని అట్లడుగువారు అరుదు. ఇది న్యాయమా? రూతును తలంచుడి. ఆమెను పెండ్లియాడునప్పుడు బోయజు, చనిపోయిన మహ్లోను పేరు నిలుపుదునని పెద్దల యెదుట చెప్పెను. క్రొత్త ప్రేమ పాత జ్ఞాపకమును తుడిచివేయలేదు.

ఒంటరిగా నుండగోరువారిని బలవంతపెట్టకుడి. మరల పెండ్లియాడగోరువారిని ఎత్తిపొడువకుడి. పోయినవాని పటము గోడమీద నుండనిండు. పొయ్యిమీద ఇద్దరికి ఎసరు పెట్టుకొననిండు.